కణితి తగ్గిన ఇరవై ఏళ్లకు: చిన్ననాటి రేడియేషన్, మెదడు రక్తనాళాలు

పాతికేళ్ల యువకుడికి మూతి వంకరపోయి, కుడి చేయి పడిపోతే కరీంనగర్‌లో ఏ ఆసుపత్రి క్యాజువాలిటీలోనైనా అడిగే ప్రశ్నలు తెలిసినవే. బీపీ ఉందా, షుగర్ ఉందా, సిగరెట్, మందు అలవాటుందా, గుండెజబ్బేమైనా ఉందా. "చిన్నప్పుడు తలకు కరెంటు పెట్టించిన్రా" అన్న ప్రశ్న ఆ వరుసలో మామూలుగా ఉండదు. కరెంటు అంటే ఇక్కడివాళ్ల మాటలో రేడియేషన్. ఆ ప్రశ్న ఉండాలని ఈ వ్యాసం వాదన. మెదడు కణితికో, రక్త క్యాన్సర్‌కో పసితనంలో తలకు రేడియేషన్ తీసుకున్నవాళ్ల రక్తనాళాలకు ఆ తర్వాత ఏమవుతుందో గత రెండు దశాబ్దాల్లో చాలా తెలిసింది. అందులో గట్టి ఆధారం ఉన్నదెంత, అరువు తెచ్చుకున్నదెంత, ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెల్లో అక్కరకొచ్చేదెంత అన్నది వేరుచేసి చూడాలి.

పిల్లల క్యాన్సర్లలో రక్త క్యాన్సర్ తర్వాతి స్థానం మెదడు కణితులది. ఇంట్లోవాళ్ల మాటలో అది 'తలల గడ్డ'. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు కుటుంబాలు చాలావరకు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి చేరతాయి. 1955 నుంచి పేదవాళ్లకు అదే దిక్కు. ఆపరేషన్ నిమ్స్‌లోనో మరోచోటో అయినా కరెంటుకు అక్కడికే వస్తారు. ఆదిలాబాద్ లెక్క వేరు. హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ 200. అందుకే బేల, జైనథ్ మండలాలవాళ్లు ఉత్తరానికి పోతారు. ఈ రెండు దారుల్లో ఏది పట్టినా, పిల్లవాడి కాగితాలు ఒక రాష్ట్రంలో, పిల్లవాడు ఇంకో రాష్ట్రంలో, లేదంటే కాగితాలు రాజధానిలో, పిల్లవాడు మూడు నాలుగు వందల ఇళ్ల ఊళ్లో ఉండిపోవడం మామూలు. తర్వాత చెప్పబోయే కష్టాలకు సగం మూలం ఇక్కడే ఉంది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. అంతకుముందు ఈ చికిత్స అంటే ఎకరమో రెండెకరాలో పోయినట్టే. సగంలో మానేసి ఇంటికి వెళ్లిపోయినవాళ్లూ ఉండేవారు. పథకం వచ్చిన తొలి ఏళ్లలో, ఏడెనిమిదేళ్ల వయసులో రేడియేషన్ పూర్తిచేసుకున్న పిల్లలు ఇప్పుడు పాతికేళ్లకు అటూ ఇటూ ఉన్నారు. నాళాల జబ్బు బయటపడటం మొదలయ్యే వయసు కూడా ఇదే. ఇన్నాళ్లూ ఈ సమస్య మన వార్డుల్లో పెద్దగా కనిపించకపోవడానికి ఒక కారణం, దాని దాకా బతికినవాళ్లు తక్కువ కావడం. ఇకముందు ఆ కారణం చెల్లదు.

మోతాదుల సంగతి. వాటిని గ్రేలలో కొలుస్తారు. మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు కణితిలో మెదడుకూ వెన్నెముకకూ కలిపి 23.4 గ్రే, జబ్బు ముదిరిందనుకుంటే 36 గ్రే ఇవ్వడం వాడుక. కణితి ఉన్నచోటుకు మొత్తం 54 గ్రే దాకా చేరుస్తారు. రోజుకు 1.8 గ్రే చొప్పున వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. ముఖానికి ప్లాస్టిక్ మాస్క్ బిగించి పిల్లను కదలకుండా పడుకోబెడతారు. మరీ చిన్నపిల్లలైతే మత్తు ఇస్తారు. ఆ కిరణాలు విభజన చెందే కణాల డీఎన్‌ఏను తెంపుతాయి, కణితి కణాలు చస్తాయి. దారిలో ఉన్న రక్తనాళాల లోపొరకు కూడా అదే దెబ్బ తగులుతుంది. కానీ ఆ పొర కణాలు తాపీగా విభజన చెందేవి కాబట్టి నష్టం వెంటనే కనపడదు. నెలల మీద, ఏళ్ల మీద లోపొర చెదిరి, వాపు నిలిచిపోయి, గోడలో నారలాంటి పదార్థం పేరుకుంటుంది. సన్న నాళాల్లో గోడ గట్టిపడి, కొన్నిచోట్ల చిట్లి, కొన్నిచోట్ల మూసుకుపోతుంది. పెద్ద నాళాల్లో లోపొర మందమై, అరవై ఏళ్లకు రావాల్సిన కొవ్వు పేరుకోవడం పాతికేళ్లకే మొదలవుతుంది. కాకతీయ కాలువలో పూడిక చేరడంతో దీన్ని పోల్చలేం, గట్టే లోపలికి పెరిగిందనుకోవాలి. పూడిక అయితే తీయొచ్చు.

ఈ పెద్ద నాళాల్లో అతి కీలకమైనవి పుర్రె అడుగున, కళ్ల నరాలు కలిసేచోటు చుట్టూ వలయంగా ఉంటాయి. దాన్ని విల్లిస్ వలయం అంటారు. మెదడుకు పోయే నెత్తురు చాలావరకు అక్కడ పంచుకుంటుంది. పిట్యూటరీ దగ్గర పుట్టే క్రేనియోఫారింజియోమా, కంటి నరాల మీద వచ్చే ఆప్టిక్ గ్లయోమా ఈ వలయాన్ని ఆనుకునే ఉంటాయి. కణితికి గురిపెడితే వలయానికి తగలక తప్పదు. ఫ్రాన్స్‌లో జరిగిన అధ్యయనాలు తలకు ఎంత డోసు పడిందన్నదాని కంటే ఈ వలయానికి ఎంత పడిందన్నదే స్ట్రోక్ ముప్పును బాగా చెబుతుందని తేల్చాయి. నా దృష్టిలో ఈ మొత్తం రంగంలో చికిత్స చేసేవాళ్లకు పనికొచ్చే ఫలితాల్లో ఇది ముందువరుసలోది. ప్లాన్ వేసేటప్పుడు కళ్లకూ మెదడు కాండానికీ గీసినట్టే విల్లిస్ వలయానికీ గీత గీసి, డోసు ఎంతో రాసిపెట్టడానికి కొత్త యంత్రం అక్కర్లేదు.

వలయం సన్నబడుతూ పోతే మెదడు ఊరుకోదు. పక్కనుంచి సన్నటి నాళాలను గుబురుగా మొలిపించుకుంటుంది. యాంజియోగ్రామ్‌లో అది పొగలా కనిపిస్తుంది. జపాన్ వైద్యులు 1969లో దీనికి మోయమోయ అని పేరుపెట్టారు. రేడియేషన్ లేకుండా దానంతట అదే వచ్చేదీ ఉంది, రేడియేషన్ తర్వాత వచ్చేదీ ఉంది. 2007లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో మెదడు కణితికి రేడియేషన్ తీసుకున్న 345 మంది పిల్లల్లో 12 మందికి, అంటే 3.5 శాతానికి, ఇది వచ్చింది. రేడియేషన్ అయ్యాక మధ్యస్థంగా 40 నెలలకే. డోసు ఒక్కో గ్రే పెరిగేకొద్దీ ముప్పు 7 శాతం చొప్పున పెరిగింది.

మోయమోయ ఉన్న పిల్లల్లో ఒక వింత లక్షణం ఉంది. గట్టిగా, వేగంగా ఊపిరి తీసి వదిలితే నెత్తుట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడు నాళాలు ముడుచుకుంటాయి. అసలే సన్నబడిన చోట అది చాలు, చేయి కాసేపు పడిపోవడానికి. వెక్కి వెక్కి ఏడ్చినా, బుగ్గలు ఊదినా, వేడి వేడి కారం తిని ఉస్సుమన్నా జరగొచ్చు. జపాన్ పుస్తకాల్లో నూడుల్స్ ఉదాహరణ ఉంటుంది. మనకు ఊదుగొట్టంతో పొయ్యి ఊదడం సరిపోతుంది. పొయ్యి దగ్గర అమ్మాయి చేయి పది నిమిషాలు మొద్దుబారి మళ్లీ మామూలైతే ఇంట్లో దిష్టి తీస్తారు. పోయింది కదా అని ఆసుపత్రికి తీసుకుపోరు. ఆ పది నిమిషాలే అసలు హెచ్చరిక. ఒంట్లో నీరు తగ్గడం ఇంకో ప్రేరకం. మే నెలలో రామగుండం, మంచిర్యాల, జగిత్యాల ఎండ 45 డిగ్రీలు దాటే ప్రాంతంలో ఈ మాటకు ఎంత బరువుందో చెప్పక్కర్లేదు. విరేచనాలు పట్టుకున్నా, ఆపరేషన్‌కు ముందు రాత్రంతా ఉపవాసం ఉంచినా అదే ప్రమాదం.

ఇక లెక్కలు. చిన్ననాటి క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఉత్తర అమెరికా అధ్యయనమే ఇప్పటికీ పెద్ద ఆధారం. 1970-1986 మధ్య జబ్బు తేలినవాళ్ల మీద 2006లో అచ్చయిన ఫలితం ప్రకారం మెదడు కణితి తగ్గినవాళ్లకు స్ట్రోక్ ముప్పు వాళ్ల తోబుట్టువులతో పోలిస్తే 29 రెట్లు, రక్త క్యాన్సర్ తగ్గినవాళ్లకు 6.4 రెట్లు. 30 గ్రే దాటితే ముప్పు డోసును బట్టి పెరుగుతూ, 50 గ్రే దగ్గర అన్నిటికంటే ఎక్కువైంది. రెట్లు చూసి బెదిరిపోకూడదు. తోబుట్టువులకు ఆ వయసులో స్ట్రోక్ దాదాపు రాదు, దానికి 29 రెట్లు అన్నా అందరికీ వస్తుందని కాదు. అదే బృందాన్ని 2013లో మళ్లీ చూసినప్పుడు లెక్క ఇంకా స్పష్టమైంది. తలకు 50 గ్రే పైన తీసుకున్నవాళ్లలో పదేళ్లకు 1.1 శాతం మందికి, 30 ఏళ్లకు 12 శాతం మందికి స్ట్రోక్ వచ్చింది. పదేళ్లకూ 30 ఏళ్లకూ మధ్య ఉన్న ఆ తేడా గుర్తుపెట్టుకోవాల్సింది. కణితి మళ్లీ వచ్చిందేమోనని చేసే స్కానింగ్‌లు ఐదేళ్లకు పలచబడి, పదేళ్లకు దాదాపు ఆగిపోతాయి. నాళాల జబ్బు జోరందుకునేది ఆ తర్వాత. 2015లో వచ్చిన మరో విశ్లేషణ, ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్లలో పదేళ్లలోపు మళ్లీ వచ్చేది 21 శాతం మందికని, 50 గ్రే పైన తీసుకున్నవాళ్లలో అది 33 శాతమని చూపింది.

ఈ అంకెలకు లోపాలున్నాయి. స్ట్రోక్ వచ్చిందా లేదా అన్నది ఎక్కువగా వాళ్లు నింపి పంపిన ఫారాల నుంచి తీసుకున్నదే. అప్పటి రేడియేషన్ ఎక్స్‌రే చూసి పెద్ద పెద్ద గళ్లు గీసి ఇచ్చిన రేడియేషన్. ఇప్పుడు సీటీ, ఎంఆర్ఐ చూసి కణితి ఆకారానికి తగ్గట్టు మలిచి ఇస్తున్నారు. కాబట్టి ఈ లెక్కలు నేటి పిల్లలకు ఎక్కువ అంచనా వేస్తాయని విదేశీ వైద్యులు అంటారు. ఆ మాట వాళ్ల దేశానికి నిజం. కోబాల్ట్ యంత్రాల మీద, ఎక్స్‌రే ప్లాన్‌ల మీద చాలా కాలం నడిచిన మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2010కి ముందు చికిత్స పొందిన పిల్లలకు ఆ పాత లెక్కలే దగ్గరగా ఉంటాయని నేననుకుంటాను.

రక్త క్యాన్సర్ కథ కొంచెం ఊరట. 1960ల చివర్లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం, మెదడులో దాక్కున్న ల్యుకీమియా కణాలను చంపడానికి తలకు 24 గ్రే ఇచ్చి, వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎక్కించింది. అంతవరకూ దాదాపు అందరూ చనిపోయే జబ్బులో సగం మంది బతికారు. తర్వాత డోసును 18 గ్రేకు తగ్గించారు. 2009లో అదే ఆసుపత్రి, మందులు జాగ్రత్తగా ఇస్తే తలకు రేడియేషన్ పూర్తిగా మానేయొచ్చని చూపింది. మన దేశంలో 1980ల నుంచి విస్తృతంగా వాడిన ఎంసీపీ-841 చికిత్సాక్రమంలో తలకు రేడియేషన్ ఉండేది. ఆ చికిత్సతో బతికి ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఉన్నవాళ్లు ఉన్నారు. తమకు కణితి లేదు కాబట్టి ఈ గొడవ తమది కాదని వాళ్లు అనుకుంటే పొరపాటు. ముప్పు తక్కువ, లేకపోలేదు.

అసలు రేడియేషన్ ఇవ్వకూడనివాళ్లు, వీలైనంత వాయిదా వేయాల్సినవాళ్లు ఉన్నారు. మూడేళ్లలోపు పిల్లలకు ముందు కీమో ఇచ్చి కాలం గడపడం చాలా చోట్ల పద్ధతి అయింది. ఇంతకంటే నిక్కచ్చిగా చెప్పాల్సింది న్యూరోఫైబ్రోమటోసిస్ టైప్ 1 గురించి. ఈ జన్యులోపం ఉన్న పిల్లల్లో ఆప్టిక్ గ్లయోమాలు ఎక్కువ, రేడియేషన్ ఇస్తే మోయమోయ ఎక్కువ, త్వరగా కూడా వస్తుంది. పైన చెప్పిన 345 మంది అధ్యయనంలో మిగతావాళ్లకు మధ్యస్థంగా 55 నెలలు పడితే వీళ్లకు 38 నెలలే పట్టింది. అందుకే వీళ్లకు కార్బోప్లాటిన్, విన్‌క్రిస్టిన్ లాంటి మందులతో నెట్టుకొస్తారు. గుర్తుపట్టడానికి ఖరీదైన పరీక్షతో పనిలేదు. ఒంటిమీద అర సెంటీమీటరు దాటిన లేత గోధుమరంగు మచ్చలు ఆరుగానీ అంతకంటే ఎక్కువగానీ ఉన్నాయేమో చొక్కా విప్పి చూడాలి. చూపు మందగించిందని వచ్చిన పిల్లకు ఈ పని జిల్లా ఆసుపత్రిలోనే అయిపోవాలి, హైదరాబాద్ దాకా ఆగక్కర్లేదు.

ప్రోటాన్ గురించి అడిగే తల్లిదండ్రులు పెరుగుతున్నారు. చెన్నైలో 2019 నుంచి ఒక ప్రైవేటు కేంద్రం, నవీ ముంబయిలో టాటా మెమోరియల్‌వారి కేంద్రం 2023 నుంచి ఉన్నాయి. ప్రోటాన్ కిరణం కణితి దగ్గర ఆగిపోతుంది, వెనుకభాగానికి డోసు పోదు, అది నిజమైన లాభమే. కానీ కణితి విల్లిస్ వలయాన్ని ఆనుకునే ఉంటే కిరణం ఆగేది ఆ నాళాల మీదే. ఫ్లోరిడాలో ప్రోటాన్ తీసుకున్న 644 మంది పిల్లల్లో మూడేళ్లకు 6.4 శాతం మందిలో నాళాల మార్పు కనిపించింది, 2.6 శాతంలో అది తీవ్రమైంది. భూమి అమ్మి ప్రోటాన్‌కు పోవాలా అని అడిగితే, క్రేనియోఫారింజియోమా విషయంలో ఒక్క ఈ కారణంతో వద్దనే చెప్తాను. అన్నిటికంటే ముఖ్యం, ఇదంతా చదివి కరెంటే వద్దనుకోకూడదు. మెడుల్లోబ్లాస్టోమాలో మూడేళ్లు దాటిన పిల్లకు రేడియేషన్ మానేస్తే, ఇరవై ఏళ్ల తర్వాతి స్ట్రోక్ గురించి మాట్లాడుకునే అవకాశమే ఉండదు.

నాళాల దెబ్బ వేరే రూపాల్లోనూ వస్తుంది. ఏళ్ల తర్వాత ఎంఆర్ఐలో చిన్న చిన్న నెత్తుటి చుక్కలు, ద్రాక్షగుత్తిలా అల్లుకున్న కావర్నోమాలు కనపడతాయి. చాలావాటిని గమనిస్తూ ఉంటే చాలు, కొన్ని పగిలి ఫిట్స్ తెప్పిస్తాయి. స్మార్ట్ అనే మరో స్థితిలో తీవ్రమైన తలనొప్పితో పాటు స్ట్రోక్ లాంటి లక్షణాలే వచ్చి రోజుల్లో, వారాల్లో తగ్గుతాయి. క్యాజువాలిటీలో దీన్ని అసలు స్ట్రోక్ నుంచి వేరుచేయడానికి రేడియేషన్ చరిత్ర తెలియడం కీలకం.

అందరికీ ఏటా ఎంఆర్ యాంజియో తీయాలా? పిల్లల క్యాన్సర్ మీద పనిచేసే అమెరికా బృందం మార్గదర్శకాలు ఏడాదికోసారి లక్షణాలు అడిగి, నరాల పరీక్ష చేసి, అనుమానం వస్తే తీయమంటాయి. లక్షణాలు లేనివాళ్లలో సన్నబడిన నాళాన్ని ముందే కనుక్కుంటే మేలు జరుగుతుందని చూపిన అధ్యయనం ఏదీ లేదు కాబట్టి ఆ జాగ్రత్త సబబే. అయితే కణితి కోసం ఎలాగూ తీసే ఎంఆర్ఐలోనే నాళాలను చూపే వరుస ఒకటి, పాత నెత్తురు చుక్కలను చూపే వరుస ఒకటి కలపడానికి కొన్ని నిమిషాలు చాలు, రంగు మందు కూడా అక్కర్లేదు. స్కాన్ కోసం ఉట్నూరు నుంచి ఒక రోజు కూలీ వదులుకుని వచ్చిన మనిషిని మళ్లీ రమ్మనడం కంటే ఇది నయం.

ఇక్కడ అన్నిటికంటే పెద్ద ఖాళీ వేరే ఉంది. 2013 నాటి ఉత్తర అమెరికా విశ్లేషణలో మనిషి చేతిలో ఉన్న ఒక కారణం కొట్టొచ్చినట్టు కనపడింది. రక్తపోటు ఉంటే స్ట్రోక్ ముప్పు నాలుగు రెట్లు. రేడియేషన్ జరిగిపోయింది, దాన్ని వెనక్కి తీసుకోలేం. బీపీని తగ్గించగలం. పిట్యూటరీకి దెబ్బ తగిలిన పిల్లల్లో ఎదుగుదల హార్మోను, థైరాయిడ్ తగ్గి, ఒళ్లు పెరిగి, కొవ్వు పెరిగి, బీపీ చిన్న వయసులోనే వస్తుంది కూడా. మరి వీళ్ల బీపీ ఎవరు చూస్తారు? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూస్తుంది. ఆశ కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరిగి చేసే బీపీ, షుగర్ పరీక్షలు 30 ఏళ్లు దాటినవాళ్లకు. ఈ రెండింటి మధ్య పన్నెండేళ్లు ఎవరి పద్దులోనూ లేవు. చిన్నప్పుడు తలకు రేడియేషన్ పొందిన మనిషికి ఆ పన్నెండేళ్లే గండం. ఆ ఏళ్లలోనే సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ యువకులు గల్ఫ్ విమానం ఎక్కుతారు. అక్కడి మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే, నెత్తురు చూస్తారు. చిన్ననాటి తల రేడియేషన్ సంగతి చెప్తే వీసా పోతుందని చెప్పరు. ఎండలో ఇనుప చువ్వలు కట్టే పనిలో ఒంట్లో నీరు తగ్గితే ఏమవుతుందో పైన చెప్పాను.

పల్లె దవాఖానలో బీపీ మిషన్ ఉంది. బీపీ పరీక్షల జాబితాలో వయసు నిబంధన పక్కన ఒక్క వాక్యం చేర్చితే చాలు: తలకు రేడియేషన్ పొందినవారికి ఏ వయసులోనైనా. ఆదిలాబాద్‌లో 2008 నుంచి రిమ్స్ ఉంది. 2022లో మంచిర్యాల, రామగుండం, జగిత్యాలలో, 2023లో నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్ల, కరీంనగర్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. జనరల్ మెడిసిన్ ఓపీలో ఏడాదికోసారి బీపీ, కొలెస్టరాల్, షుగర్, థైరాయిడ్ చూడటానికి క్యాన్సర్ నిపుణుడు అక్కర్లేదు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి చికిత్స ముగిసిన పిల్లల కోసం ప్రత్యేక క్లినిక్‌ను 1991లోనే పెట్టింది. దాన్నంతా జిల్లాలో మళ్లీ కట్టాలని నేననడం లేదు. చికిత్స ముగిసినరోజు ఒక పేజీ కాగితం ఇస్తే చాలు. జబ్బు పేరు, రేడియేషన్ తేదీలు, మొత్తం డోసు, విల్లిస్ వలయానికి పడిన డోసు, కీమో మందుల పేర్లు, పడాల్సిన జాగ్రత్తలు. ఆ కాగితం ఫొటో తల్లి ఫోన్లో, తండ్రి ఫోన్లో ఉండాలి. వర్షాకాలం ఇల్లు కురిసి ఫైలు నానిపోయినా ఫొటో మిగులుతుంది.

నాళం సన్నబడిందని తేలితే ఏం చేయాలన్నదాంట్లో ఆధారం ఇంకా పలచన. ఆస్పిరిన్ ఇస్తారు, అది పెద్దవాళ్ల స్ట్రోక్ నుంచీ మామూలు మోయమోయ నుంచీ అరువు తెచ్చుకున్న పద్ధతి. అదే మెదడులో నెత్తుటి చుక్కలు, కావర్నోమా కూడా ఉంటే ఆస్పిరిన్ మేలా కీడా అన్నది ఒక్కో రోగిని చూసి తేల్చుకోవాల్సిందే. బీపీ తగ్గించడంలోనూ నిదానం కావాలి. బాగా ముడుచుకున్న నాళం వెనుక మెదడు ఆ ఒత్తిడి మీదే బతుకుతుంటుంది, ఒక్కసారిగా దించితే స్ట్రోక్ మనమే తెచ్చినట్టవుతుంది. స్ట్రోక్ దాడులు ఆగకపోతే నెత్తిచర్మంలోని ధమనిని మెదడు ఉపరితలానికి కుట్టే బైపాస్ ఆపరేషన్లు ఉన్నాయి. రేడియేషన్ తిన్న చర్మం త్వరగా మానదు కాబట్టి చేయి తిరిగిన న్యూరోసర్జన్ కావాలి, దానికి హైదరాబాద్ తప్పదు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. పెంచిన పరిమితి బస్సు ఛార్జీలకూ పోయిన కూలీకీ వర్తించదు.

ఆదిలాబాద్‌కు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. గోండు, కొలాం గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. రేడియేషన్ ఏమీ లేకుండానే సికిల్ సెల్ విల్లిస్ వలయాన్ని సన్నబరుస్తుంది, మోయమోయకు కారణమవుతుంది, పసిపిల్లలకు స్ట్రోక్ తెస్తుంది. అలాంటి పిల్లకు తలలో గడ్డ వచ్చి రేడియేషన్ ఇవ్వాల్సివస్తే రెండు దెబ్బలూ ఒకే నాళం మీద పడతాయి. కాబట్టి ఈ జిల్లా నుంచి వెళ్లే ప్రతి పిల్లకూ మాస్క్ బిగించకముందే సికిల్ పరీక్ష జరగాలి. సికిల్ సెల్ విషయంలో దారి 1998లోనే తెరుచుకుంది. కణతల మీద డాప్లర్ అనే అల్ట్రాసౌండ్ పెట్టి మెదడు ధమనుల్లో నెత్తురు వేగం కొలిచి, వేగం ఎక్కువున్న పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే తొలి స్ట్రోక్ ముప్పు 92 శాతం తగ్గింది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్లలోపు ఆదివాసులను పరీక్షిస్తోంది. ఆ పరీక్షలో జబ్బు తేలిన పిల్లల కోసం ఉట్నూరులోనో రిమ్స్‌లోనో ఈ డాప్లర్ పెట్టి, చేసే మనిషికి శిక్షణ ఇస్తే, తలకు రేడియేషన్ పొందిన పిల్లలను కూడా అదే గదిలో చూడొచ్చు. వీళ్ల విషయంలో డాప్లర్ ఫలితాన్ని బట్టి ఏ చికిత్స మొదలుపెట్టాలో చెప్పే స్థాయి అధ్యయనాలు లేవు. ఎవరిని ముందుగా ఎంఆర్ యాంజియోకు పంపాలో తేల్చుకోవడం వరకే అది పనికొస్తుంది.